గుమాస్తా, క్లార్కు, కరణము

మా యింటి పాతపెట్టెలో నొక రసీదు కలదు. మా తాతగారి కాలమున హోసూరు ప్రాంతమందు తెలుగున వ్రాయబడినది. ఇంటిస్థలము క్రయమునకై సొమ్ము ముట్టినదని చెప్పి, క్రింద నొక సెట్టిగారి గుమాస్తా చేవ్రాలు చేసినాడు. కొన్నేండ్ల క్రిందట ఆ స్థలమునుగూర్చి తగవు పుట్టగా, తెలుగు చదువనేరని వకీలుకొఱకు ఆ రసీదును ఇంగ్లీషులోనికి మార్పించితిమి. అనువాదకుడు గుమాస్తా యున్నచోట క్లార్కు అని వ్రాసెను. ఎదుటిపక్షపు వకీలు ఆ యొక్క మాటను పట్టుకొని, లెక్కలు వ్రాసెడి క్లార్కునకు యజమాని పక్షమున సొమ్ము పుచ్చుకొను అధికార మెక్కడిదని అడిగెను. ముప్పదియైదేండ్లు క్లార్కుగా పనిచేసిన నాకు ఆ ప్రశ్న న్యాయముగనే తోచినది. నా బాధయంతయు నదియే.

నాటినుండి ఈ మాటల పుట్టుపూర్వోత్తరములు విచారింపసాగితిని.

క్లార్కు అనునది మొదట కచ్చేరి మాట కాదు, గుడి మాట. గ్రీకు భాషలో క్లేరోస్ అనగా పంపకములకు వేయు చీటి, ఆ చీటివలన వచ్చిన వంతు. దానినుండి లాటిను క్లెరికస్ పుట్టి, క్రైస్తవ మతాచార్యులకు పేరైనది. ఆ దినములలో ఇంగ్లండున చదువను వ్రాయను నేర్చినవారు విశేషముగ ఆచార్యులే యగుటచే, చదువుకొన్నవాడెల్ల క్లార్కే యయ్యెను. పదునాలుగవ శతాబ్దికవి చాసరు తన కాంటర్బరీ కథలలో వర్ణించిన ఆక్స్‌ఫర్డు క్లార్కు దస్త్రములు మోయువాడు కాడు. చేతిలో డబ్బున్న పుస్తకములు కొను పేద పండితుడు.

ఈ చదువునకు ప్రాణమును కాచు శక్తి కూడ నుండెను. నేరము మోపబడినవాడు చదువగలిగిన యెడల తాను క్లార్కునని చెప్పి అనేక నేరములకు ఉరి తప్పించుకొనవచ్చును. పరీక్షకై బైబిలులోని 51వ కీర్తన మొదటి వాక్యము చదివించువారు. దానికి మెడపద్యమని పేరు. అక్షరము రానివారు సయితము దానిని కంఠస్థము చేసి బయటపడిరట! చదివించు పరీక్ష 1706లో తొలగెను. ఆ మినహాయింపే 1827లో రద్దయ్యెను. నేటికిని బ్రిటిషు కామన్సు సభయందు ప్రధానోద్యోగికి క్లార్కు అనియే పేరు. మన కచ్చేరీలకు వచ్చుసరికి మాత్రము ఆ మాట మెట్లు దిగి, బల్లవెనుక కూర్చుండువానికి మిగిలినది.

ఈస్టిండియా కంపెనీవారు చిన్నయుద్యోగికి క్లార్కు అనక రైటరు అనిరి. రాబర్టు క్లైవు 1744లో చెన్నపట్టణమునకు వచ్చినది రైటరుగనే. ఆ పేరు పోలీసుఠాణాలలో నింకను బ్రదికియున్నది. కంపెనీ దొరలు తమిళుల కణక్కుప్పిళ్లను పలుకలేక కానికోపొలీ యని వ్రాసికొనిరి; ఆ మాట నిఘంటువునకు కూడ నెక్కినది. నవ్వు వచ్చును గాని, మనమును వారి మాటల నింతకంటె బాగుగ పలికినామా?

ఇక గుమాస్తా. పారసీకమున గుమాష్తన్ అనగా నియమించుట. గుమాష్తా యనగా నియమింపబడినవాడు. ఈ మాటలో చదువు లేదు, వ్రాత లేదు. ఒకని స్థానమున మఱొకని నిలుపుట యున్నది. 1753లో కంపెనీవారు వంగదేశమున మధ్యవర్తకులను మాని, తమ గుమాస్తాలనే నేతగాండ్ర యూళ్లకు పంపిరి. వారు బయానా లిచ్చిరి, వెలలు కట్టిరి, గుడ్డలు తీసికొనిరి, నేతగాండ్రను పీడించిరి కూడ. అంత అధికారము లేనిచో అంత పీడన సాగునా? ఫ్రెంచి భాషలో క్లార్కును కొమ్మీ యందురు. దానికిని అప్పగింపబడినవాడు, నియుక్తుడు అనియే మూలార్థము. 1954 వఱకు ఫ్రెంచి పాలనలోనుండిన యానాము సోదరులకు ఈ పోలిక రుచించును. ముంబయిలోని మనవారికి మాత్రము గుమాస్తా యనగానే 1948 నాటి దుకాణముల చట్టమును, గోడకు వ్రేలాడు గుమాస్తా లైసెన్సును తలపునకు వచ్చును. అక్కడ ఆ మాట దుకాణపు కొలువుకాండ్ర కందఱికిని చెల్లినది.

కరణము వేఱు. అతడు ఒకని నౌకరు కాడు, ఊరి లెక్కకు ఉత్తరవాది. పొలము ఎవరిది, శిస్తు ఎంత యనుట అతని కవిలెలో నున్నట్లే నిలిచెడిది. అందులకే అతనిని చూచి జనము భయపడిరి. కన్నడ సీమలో శానుభోగు, మహారాష్ట్రమున కులకర్ణి ఇట్టివారే. ఒడిశాలో కరణ శబ్దము వ్రాతవృత్తివారి కులనామమైనది. పై మెట్టున రాయసమున్నాడు. కృష్ణదేవరాయలయొద్ద రాయసము కొండమరుసు వ్రాతతో నాగక ఉదయగిరి సీమను పాలించెను. మధుర నాయకుల కొలువులో దళవాయి, ప్రధానులతోపాటు రాయసమును ముఖ్యోద్యోగియే. వీరినందఱిని క్లార్కులని యనువదించిన, తెలుగు రాని మన మనుమలు తమ పెద్దలనుగూర్చి యేమనుకొందురు?

ఈ గ్రామోద్యోగము లన్నియు తొలగిపోయినవి. కులకర్ణి వతనులను బొంబాయి ప్రభుత్వము 1950 చట్టముచేతను, శానుభోగులను మైసూరు ప్రభుత్వము 1961 చట్టముచేతను, కరణములను తమిళనాడు 1980లోను, ఆంధ్రప్రదేశ్ 1984లోను రద్దుచేసెను. వంశపారంపర్యపు పెత్తనము పోవుట మంచిదే; నేను దానికి వగవను. క్లార్కు పేరును పలుచోట్ల పోయినది: కర్ణాటకమున ద్వితీయ దర్జె సహాయకుడు, తమిళనాట ఇళనిలై ఉదవియాళర్, ఆంధ్రమున జూనియర్ అసిస్టెంటు. పని మాత్రము నేను చేసినదే.

మా తగవున రెండవ అనువాదమును చేయించితిమి. ఆ పెద్దమనిషి పాత వర్తకుల కాగితములు చూచినవాడగుటచే గుమాస్తాను ఏజెంటని మార్చి, ఎందులకో నాలుగు పంక్తులు వ్రాసియిచ్చెను. పిమ్మట ఎదుటివారు రాజీకి వచ్చిరి. స్థలములో కొంత వదలుకొంటిమి, ఇల్లు నిలిచినది. రెండు అనువాదములును ఆ రసీదుతోపాటు పెట్టెలోనే యున్నవి.