కప్పు తెరచే విద్య

తాటాకు ఇండ్ల వరుసలో ఒక ఇల్లు అంటుకుంటే, ఊరివారు పక్క ఇంటి కప్పు మీదికెక్కి ఆకు లాగివేయడం మన శ్రోతలలో చాలామంది ఎరిగినదే. మంటకు మేత అందకుండా చేయడమే అందులోని ఉద్దేశం. కాని కాలుతున్న ఇంటి కప్పుకే గొడ్డలి పెట్టే విద్య వేరొకటి ఉన్నది. అది ముఖ్యంగా అమెరికాలో, చెక్క కప్పుల ఇండ్ల మధ్య, అగ్నిమాపక దళాల చేతులలో పెరిగింది. ఆ విద్యను వారు ఎంత వెల ఇచ్చి నేర్చుకున్నారో ఈ ప్రసంగంలో మనవి చేయదలచాము.

ఇల్లు కాలేటప్పుడు వేడి పొగ పైకి లేస్తుంది. కప్పు అడ్డు తగలగానే పక్కలకు పరచుకొని, క్రమంగా కిందికి దిగుతుంది. అప్పుడు లోపల చిక్కినవారికి ఊపిరాడదు. రక్షింప వెళ్ళినవారికి కన్ను కానరాదు. సరిగా మంటకు పైన కప్పును కోస్తే ఆ పొగ దారి చూచుకొని పోతుంది. అయితే, పోయిన పొగ స్థానంలోకి కింది నుంచి కొత్త గాలి వస్తుంది. ఆ గాలి నిప్పుకు ప్రాణం. ఈ రెండు సత్యాల నడుమనే ఈ విద్య చరిత్ర అంతా నడిచింది.

రెండవ సత్యాన్ని తొలుత గట్టిగా పట్టుకున్నవాడు జేమ్స్ బ్రెయిడ్‌వుడ్. 1824లో ఎడింబరో నగర అగ్నిమాపక దళానికి అధిపతి అయినప్పుడు ఆయన వయస్సు 24 ఏండ్లు. తలుపులు, కిటికీలు వీలైనంత వరకు మూసి ఉంచి, నిప్పుకు గాలి అందనీయవద్దని ఆయన బోధించాడు. దళంలోకి కప్పు పలకలు పరిచేవారిని, వడ్రంగులను, తాపీపనివారిని ఏరి చేర్చుకున్నాడు. కప్పు మీద నడవడం తెలిసినవాడు, గోడ ఎప్పుడు కూలుతుందో కనిపెట్టగలవాడు తనకు కావాలని ఆయన భావం. వీరికి వేకువజామున, చీకటిలోనే కవాతు చేయించేవాడు. 1861లో లండనులోని టూలీ వీధి అగ్నిప్రమాదంలో గోడ విరిగిపడి ఆయనే మరణించడం విధి వైపరీత్యం.

మొదటి సత్యాన్ని లోకానికి చాటినది ఒక ఘోరం. 1903 డిసెంబరు 30న షికాగోలో ఇరాక్వా నాటకశాల తగులబడింది. రంగస్థలం పైకప్పులో పొగ పోవడానికి ఏర్పరచిన గవాక్షాలు ఆనాడు తెరుచుకోలేదు; అవి మూసి బిగించి ఉన్నాయి. రంగస్థలం వెనుక తలుపు తెరవగానే గాలి దూసుకు వచ్చింది. పైకి పోవలసిన మంట ప్రేక్షకుల మీదికి విరుచుకుపడింది. 600 మందికి పైగా మరణించారు. కప్పులో దారి లేకపోతే పొగ మనుషుల మీదుగా దారి చేసుకుంటుందని ఆనాడు తెలిసింది.

కాని కప్పు తెరవడానికి ఎక్కినవాని ప్రాణం మాటేమిటి? 1978 ఆగస్టు 2న న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక పెద్ద అంగడి కాలుతుండగా, పొగకు దారి చేయడానికి దళంవారు కప్పు మీదికెక్కారు. పైనుంచి చూస్తే కప్పు దిట్టంగానే ఉన్నది. లోపల దానిని మోస్తున్న, విల్లువలె వంగిన కొయ్య చట్రాలు కనబడకుండా కాలిపోతున్నాయి. కప్పు ఒక్కసారిగా కుంగింది. ఆరుగురు మరణించారు. కోయడం తెలియక వారు చనిపోలేదు. కాళ్ళ కింద ఏమున్నదో కప్పు వారికి చెప్పలేదు.

అభ్యాసం కూడా ప్రాణాలు తీసింది. పాత కట్టడాలలో నిజంగా నిప్పు పెట్టి శిక్షణ ఇవ్వడం అమెరికాలో ఆచారం. 1982 జనవరిలో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డరులో అటువంటి శిక్షణలోనే ఇద్దరు మరణించారు. దాని ఫలితంగా 1986లో ఆ దేశపు జాతీయ అగ్నిరక్షణ సంఘం, నిప్పుతో చేసే శిక్షణకు కట్టుదిట్టమైన నియమావళిని వెలువరించింది.

కోత నేర్చుకోవడానికి నిప్పు అక్కరలేదు గదా! అందుకని శిక్షణ స్థలాలలో నేలకు కొద్ది ఎత్తున ఏటవాలు కప్పు చట్రం ఒకటి కట్టుకుంటారు. వాసాలు శాశ్వతం, పైన బిగించిన బల్లలు మాత్రం కోసినప్పుడల్లా మార్చుతారు. శిష్యుడు కొక్కెపు నిచ్చెన మీద నిలిచి, అడుగు వేయబోయే చోట ముందుగా గొడ్డలి మడమతో కొట్టి చూస్తాడు. గాలి వీపుకు తగిలేటట్లు నిలుస్తాడు. తిరిగి వచ్చే దారి వెనుక ఉండగానే కోస్తాడు. మోటారు రంపం వాసాన్ని తాకిన గుర్తు చేతికి తెలియగానే దాన్ని తెగకోయక, రంపాన్ని ఎత్తి దాటిస్తాడు. చివరకు పొడవాటి కర్రతో లోపలి కప్పును కూడా పొడిచి తెరుస్తాడు. లేకపోతే గదిలోని పొగకు దారి దొరకదు. పడినా నేల దగ్గరే కనుక, ఇక్కడ చేసిన తప్పు పాఠమవుతుంది గాని ప్రాణం తీయదు.

ఈ శిక్షణతో చేయి పదునెక్కింది. కాలజ్ఞానం ఆ తరువాత వచ్చింది. 2013లో అండర్‌రైటర్స్ లాబొరేటరీస్ సంస్థ, ప్రయోగశాలలో కట్టిన ఇండ్లను కాల్చి చేసిన పరిశోధన ఫలితాలను ప్రకటించింది. నేటి ఇండ్లలోని కృత్రిమ పదార్థాల సామాను త్వరగా మండి, గదిలోని గాలిని త్వరగా హరిస్తుంది. అటువంటి నిప్పు గాలి కోసమే కాచుకొని ఉంటుంది. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు గల రంధ్రం చేసినా, నీరు వెంటనే అందకపోతే మంట పెరిగిందే గాని తగ్గలేదు. కనుక రంపమూ నీటి గొట్టమూ ఒకే మాట మీద నడవాలని తేలింది. మూసి ఉంచమన్న బ్రెయిడ్‌వుడ్ మాట, దాదాపు రెండు శతాబ్దాల తరువాత ప్రయోగశాలలో తిరిగి వినిపించింది.

శిక్షణ చట్రం మీద వందసార్లు కోసినవానికి కోత సులభం. కాని కింద నీరు సిద్ధమైనదన్న కేక వినబడేదాకా, రంపం చేతిలో ఉండగానే ఆగి నిలవడం కష్టం. అభ్యాసంలో చివరి పాఠం అదే. ఆ పాఠాన్ని తరువాతివారికి మిగిల్చి వెళ్ళినవారు, అది తమకు అందకముందే కప్పులెక్కినవారు.