రెండు ఖాతాల్లో నాగయ్య గారు

మా కావేరిపట్టణం పేరులో కావేరి ఉందే గాని, ఊరి పక్కన పారేది పెన్నేరు. బయటివాళ్లు కొందరు ఇదేనా కణ్ణగి పుట్టిన ఊరు అని అడుగుతుంటారు. అది కావేరీపూంపట్టణం, కావేరి సముద్రంలో కలిసేచోట, ఇక్కడికి చాలా దూరాన ఉంది. అయినా ఆ కణ్ణగితో మన తెలుగువాళ్లకు ఒక చుట్టరికం లేకపోలేదు. 1942లో వచ్చిన తమిళ చిత్రం 'కణ్ణగి'లో ఆ వేషం కట్టింది మన పసుపులేటి కన్నాంబ. తమిళుల కావ్యనాయికను తెరమీద నిలబెట్టడానికి తెలుగింటి ఆడపడుచు కావలసివచ్చింది. ఆ రోజుల్లో దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు.

ఆ రోజుల సంగతే ఇక్కడ రాయదలచుకున్నాను. అందుకు కన్నాంబతో పాటు సినిమా తొలినాళ్లలో నటించిన చిత్తూరు నాగయ్య గారి జీవితాన్ని తీసుకుంటాను. నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి ముప్పై ఏళ్లయింది. లెక్కలు సరిచూడటం తప్ప మరో విద్య నాకు రాదు. ఒకే మనిషికి రెండు ఊళ్లలో రెండు ఖాతాలుండి, ఒకచోటి సంగతి ఇంకోచోట తెలియకపోతే అతని మొత్తం ఆస్తి ఎంతో ఎవరూ చెప్పలేరు. నాగయ్య గారి పేరుమీద తెలుగులో ఒక ఖాతా, తమిళంలో ఒక ఖాతా ఉన్నాయి. రెండూ కలిపి కూడినవాళ్లు తక్కువ. ఆ కూడిక చేయగలిగినవాళ్లం రెండు భాషల మధ్య కాపురముంటున్న మనమేనని నా నమ్మకం.

ఆయన అసలు పేరు ఉప్పలదడియం నాగయ్య. పుట్టింది 1904 మార్చి 28న, గుంటూరు ప్రాంతంలో. పేరుకు ముందు చిత్తూరు చేరింది నాటకాల వల్ల. అక్కడి రామవిలాస సభ నాటకాలలో పాడి, ఆడి పేరు తెచ్చుకున్నారు. 'సారంగధర'లోని వేషం ఆయనకు బాగా పేరు తెచ్చిందంటారు. నాటకాలకు తోడు గుమాస్తా ఉద్యోగం, కొన్నాళ్లు పత్రికలో పని కూడా చేశారు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకు ముందు ఆ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. అక్కడి అంగడిలో, కోర్టులో, వీధిలో తెలుగు, తమిళం రెండూ వినబడేవి. మన హోసూరు, కృష్ణగిరి ఎట్లాంటివో అదీ అట్లాంటిదే. అట్లాంటి ఊళ్లో వేషాలు కట్టిన మనిషికి రెండో భాష పరాయిది ఎట్లా అవుతుంది?

సినిమా కూడా మొదట్లో మన ఇళ్లలాగే ఉండేది. 1931లో హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన 'కాళిదాస్'ను తొలి తమిళ టాకీగా చెప్పుకుంటారు. అందులో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళం మాట్లాడితే, నాయకుడు తెలుగు మాట్లాడాడు. జనం చూశారు, మెచ్చుకున్నారు. ఆ తర్వాత తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తీసిందీ ఆ హెచ్.ఎం. రెడ్డి గారే. ఆయనే 1938లో 'గృహలక్ష్మి' చిత్రంలో నాగయ్య గారిని తెరకు పరిచయం చేశారు. అందులో కన్నాంబ, కాంచనమాల కూడా ఉన్నారు. అప్పటికి నాగయ్య గారి వయసు ముప్పై నాలుగు. ఈ రోజుల్లో అయితే ఆ వయసులో కొత్త నాయకుణ్ణి ఎవరూ తీసుకోరు.

తెలుగు ఖాతాలో జమలు చూడండి. 1939లో బి.ఎన్. రెడ్డి గారి వాహినీ సంస్థ మొదటి చిత్రం 'వందేమాతరం', 1940లో 'సుమంగళి', 1941లో 'దేవత', 1943లో కె.వి. రెడ్డి గారు తొలిసారి దర్శకత్వం వహించిన 'భక్త పోతన', 1946లో 'త్యాగయ్య', 1947లో 'యోగి వేమన'. పదేళ్లు తిరగకముందే పోతన, త్యాగయ్య, వేమన ముగ్గురూ ఒకే ముఖంతో తెలుగువాడి మనసులో కూర్చున్నారు. అప్పటికి నేపథ్యగానం ఇంకా పూర్తిగా స్థిరపడలేదు. నటుడే పాడాలి. నాగయ్య గారు పాడారు, స్వరాలు కూర్చారు. 'త్యాగయ్య'కు నిర్మాత, దర్శకుడు, నటుడు, సంగీత దర్శకుడు నలుగురూ ఆయనే.

ఇప్పుడు తమిళ ఖాతా తెరుద్దాం. 1941లో 'అశోక్ కుమార్'. తమిళ తెరను ఏలుతున్న ఎం.కె. త్యాగరాజ భాగవతర్ అందులో కుణాలుడు. ఆయన తండ్రి అశోక చక్రవర్తి నాగయ్య గారు, తిష్యరక్షిత మన కన్నాంబ. 1945లో ఎల్లిస్ డంగన్ దర్శకత్వంలో 'మీరా'. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి మీరా అయితే, ఆమె భర్త రాణా నాగయ్య గారు. 1958లో 'సంపూర్ణ రామాయణం'. రాముడు ఎన్.టి. రామారావు, భరతుడు శివాజీ గణేశన్, వాళ్లిద్దరికీ తండ్రి దశరథుడు నాగయ్య గారు. 1961లో 'పావ మన్నిప్పు'. అందులో ఆయన ఇస్మాయిల్ భాయి అనే సాయిబు వైద్యుడు, దిక్కులేని బిడ్డను తెచ్చి పెంచిన మనిషి.

ఈ చివరి చిత్రం మా నాయన తన పంతొమ్మిదో ఏట సినిమా కొట్టాయిలో చూశాడు. దాని గురించి ఆయన మాకు చెప్పేటప్పుడు కథ చెప్పేవాడు కాదు. "ఆయప్ప మన పోతన గదరా, సాయిబు టోపీ పెట్టుకొని నిలబడితే సాయిబే అయిపోయినాడు సామీ" అనేవాడు. పక్కన కూర్చున్న తమిళ స్నేహితులకు పోతన ఎవరో తెలియదు. వాళ్లకు తెరమీద కనబడింది ఒక మంచి సాయిబు. మా నాయనకు ఆ సాయిబులో పోతన కూడా కనబడ్డాడు. అదే కొట్టాయి, అదే టిక్కెట్టు, మా నాయన మాత్రం ఇద్దరిని చూసి ఇంటికొచ్చాడు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. తెలుగు సినిమా చరిత్ర రాసేవాళ్లు నాగయ్య గారిని 1947 దాకా గొప్పగా రాసి, ఆ తర్వాత రామారావు, నాగేశ్వరరావు గార్ల వైపు తిరుగుతారు. అక్కడినుంచి ఆయన 'లవకుశ' వాల్మీకిలాంటి వేషాలలో కనబడే పెద్దాయన. తమిళంలో రాసేవాళ్లకు ఆయన మొదటినుంచీ భాగవతర్ పక్కన, సుబ్బులక్ష్మి పక్కన, శివాజీ పక్కన నిలబడిన మనిషి. ఒకరి పుస్తకంలో నాయకుడు, ఇంకొకరి పుస్తకంలో తోడు వేషగాడు. రెండు పుస్తకాలలో ఉన్నదీ నిజమే, కానీ ఏ ఒక్కదానిలోనూ మొత్తం లేదు.

'త్యాగయ్య' సంగతి కొంచెం విడిగా చెప్పాలి. త్యాగరాజస్వామి పుట్టింది 1767లో, పోయింది 1847లో. పుట్టిందీ పెరిగిందీ పోయిందీ కావేరి ఒడ్డు తమిళ సీమలోనే. కీర్తనలు మాత్రం తెలుగులో రాశారు. అంటే మనలాగే బయటి తెలుగువాడు. ఆయన మీద నాగయ్య గారు చిత్రం తీసిన 1940లలో మద్రాసులో ఒక పెద్ద వాదం నడుస్తోంది. కచేరీలలో తెలుగు కీర్తనలే పాడుతున్నారు, తమిళ పాటలకు చోటేదీ అని తమిళ ఇసై ఉద్యమం అడిగింది. రాజా అన్నామలై చెట్టియార్ లాంటివాళ్లు ముందుండి నడిపారు. వాళ్లు అడిగినదాంట్లో న్యాయం ఉంది. తన ఊళ్లో తన భాష వినాలని ఎవరికుండదు? మనం ఈ రోజు అడుగుతున్నదీ అదే గదా. ఆ వాదం జోరుగా ఉన్నప్పుడే నాగయ్య గారు తెలుగు వాగ్గేయకారుడి కథను తెలుగులో తీశారు. దానికి ఒక ఏడాది ముందే తమిళ 'మీరా'లో సుబ్బులక్ష్మి పక్కన నటించారు. ఒక భాషను పట్టుకోవడానికి ఇంకో భాషను వదులుకోనక్కరలేదని ఉపన్యాసం ఇవ్వకుండానే చూపించారు.

1953లో ఆయన సొంత దర్శకత్వంలో ఒకే కథను రెండు భాషలలో తీశారు. తెలుగులో 'నా ఇల్లు', తమిళంలో 'ఎన్ వీడు'. ఆ ఏడాదే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. మద్రాసు నగరం అటు పోలేదు. చిత్తూరు అటు వెళ్లింది, హోసూరు, కృష్ణగిరి ఇటు ఉండిపోయాయి. ఇల్లు పంచుకున్న సంవత్సరంలోనే 'నా ఇల్లు' రెండు భాషలలో రావడం కాకతాళీయమే. అయినా ఆ రెండు పేర్లు పక్కపక్కన రాసినప్పుడల్లా నాకు మన సంగతే గుర్తొస్తుంది.

ఇక డబ్బు సంగతి. నాగయ్య గారి గురించి మన ఇళ్లలో ఒక కథ వాడుకలో ఉంది. లక్షలు గడించి, అడిగినవాడికల్లా దానం చేసి, చివరికి ఏమీ లేకుండా పోయాడని. చేయి జారుడుగా ఉన్న పిల్లలను "నాగయ్య అవుతావురా" అని బెదిరించిన పెద్దలను నేనెరుగుదును. ఆయన దానగుణం నిజం. ఆయనతో పనిచేసినవాళ్లందరూ ఆ మాట చెప్పారు. చివరి రోజుల్లో చిన్న చిన్న వేషాలు వేయవలసివచ్చిందన్నదీ నిజమే. కానీ దానం వల్లనే చెడిపోయాడన్న తీర్పు, అప్పుల కాగితాలు చూసిన నా బుద్ధికి ఎక్కదు.

సినిమా పెట్టుబడి ఎట్లా నడిచేదో చూడండి. నిర్మాత వడ్డీకి డబ్బు తెస్తాడు. కొంత భాగం పంపిణీదారులు ప్రాంతాలవారీగా ముందుగా ఇస్తారు. నెగెటివు బాకీ తీరేదాకా తాకట్టులో ఉంటుంది. షూటింగు జరిగినా ఆగినా వడ్డీ మాత్రం రోజూ పెరుగుతుంది. ఒక చిత్రం ఆడితే ఆ లాభం తరువాతిదానికి పెట్టుబడి. ఒకటి పోతే పాత లాభమంతా దానితో పోతుంది. బియ్యం వ్యాపారంలో సరుకు మిగులుతుంది. మామిడి తోటలో ఈ ఏడు కాపు పోయినా చెట్టు నిలుస్తుంది. ఆడని సినిమాలో మిగిలేది అప్పు ఒక్కటే. 'త్యాగయ్య' ఆడింది. 'నా ఇల్లు' దెబ్బతీసింది. పైగా ఆయన తీసినది రెండు భాషలలో, అంటే ఖర్చూ రెండు చోట్లా ఉంటుంది. ఇట్లాంటి వ్యాపారంలో పైసా దానం చేయని నిర్మాతలు కూడా మునిగిపోయారు. వాళ్లను మనం పిసినారితనం వల్ల చెడ్డారని అనలేదు గదా! అన్నం పెట్టిన ఖర్చును, వడ్డీకి పోయిన ఖర్చును ఒకే పద్దు కింద రాయడం ఏ లెక్కల పద్ధతిలోనూ ఒప్పుకోరు. దానం చేయకురా అని చెప్పడానికి ఆయన కథ వాడుకోవడం ఆయనకు మనం చేస్తున్న అన్యాయం.

అంత దెబ్బ తిన్నాక కూడా ఆయన మళ్లీ ఒక చిత్రం తలకెత్తుకున్నారు. 1964లో సొంతంగా నిర్మించి, దర్శకత్వం వహించి, అరవయ్యో ఏట 'భక్త రామదాసు' వేషం తానే వేశారు. కబీరు పాత్ర వేసిన గుమ్మడి గారికి హిందీ గాయకుడు మహమ్మద్ రఫీ చేత పాడించారు. కంచెర్ల గోపన్న సర్కారు పైకంతో భద్రాచలంలో గుడి కట్టి, లెక్క చెప్పలేక గోలకొండ చెరసాలకు వెళ్లిన తహసీల్దారు. మా ఉద్యోగంలో అయితే అదే రోజు సస్పెన్షను కాగితం చేతికిచ్చేవాళ్లు. అప్పులతో వేగిన మనిషి తన ఆఖరి పెద్ద చిత్రానికి, బాకీపడి జైలుకెళ్లిన భక్తుణ్ణే ఎందుకు ఎంచుకున్నారో పాఠకులే ఆలోచించాలి. మరుసటి ఏడు, 1965లో, ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 1973 డిసెంబరు 30న ఆయన మద్రాసులో కన్నుమూశారు.

ఆయన గుర్తులు కూడా సరిహద్దుకు రెండు పక్కలా ఉన్నాయి. చిత్తూరులో ఆయన పేరుమీద కళాక్షేత్రం ఉంది. చెన్నై త్యాగరాయనగర్‌లో, తెలుగువాడైన పానగల్ రాజా పేరుమీద ఉన్న పార్కు దగ్గర ఆయన విగ్రహం ఉంది. చీరలు కొనడానికి ఆ వీధికి పోయే మనవాళ్లలో ఎందరు తలెత్తి చూస్తారో తెలియదు.

రెండు భాషల్లో ఒకేసారి తీసే పద్ధతి 1950లలో 'పాతాళభైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్' దాకా గొప్పగా సాగింది. మెల్లగా దాని చోటు డబ్బింగు తీసుకుంది. తెలుగు చిత్రసీమ హైదరాబాదుకు తరలిపోయింది. ఇక్కడ 2006లో వచ్చిన చట్టంతో ప్రతి బడిలోనూ తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మనకు కష్టం కాదు, నష్టమూ కాదు. తెలుగు అక్షరం చేజారడమే నష్టం. మా ఇంట్లో పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవడం తడుముకుంటారు. వాళ్లకు నాగయ్య గారు పాత తమిళ సినిమాలో కనబడే ఒక ముసలాయన. అంటే తమిళ ఖాతా ఒక్కటే వాళ్లకు అందింది. ఆ సాయిబులో పోతనను చూసే కన్ను మా నాయనతోనే పోయింది.

ఆ కన్ను మళ్లీ రావాలంటే రాసిపెట్టుకోవడం ఒక్కటే దారి. ఎనభై దాటిన పెద్దలు మన ఊళ్లలో ఇంకా కొందరున్నారు. ఏ కొట్టాయిలో, ఏ ఏడాది, ఏ భాషలో ఏ సినిమా చూశారో, పక్కన కూర్చున్న తమిళ, కన్నడ స్నేహితులు ఏమన్నారో వాళ్లను అడిగి నాలుగు వాక్యాలు రాసి పత్రికకు పంపండి. రాయడం రాని పిల్లలుంటే వాళ్ల చేతనే రాయించండి. తప్పులుంటే దిద్దుకుందాం.