అడిగినవారు, చెప్పినవారు: చైనాపై యూరప్ జిజ్ఞాస (1583–1793)

16వ శతాబ్ది చివరి నుంచి రెండు వందల ఏళ్ళకు పైగా చైనా యూరప్ పండితులకు తీరని ఆసక్తిగా ఉండేది. పరీక్షలు రాసి అధికారులయ్యే పద్ధతి, వేల ఏళ్ళ రాజవంశ చరిత్ర, అక్షరమాల లేని లిపి, పింగాణీ, పట్టు, తేయాకు, ముద్రణ, వైద్యం... వీటిలో దేని గురించి విన్నా వారికి కొత్త ప్రశ్న పుట్టేది. ఆ ప్రశ్నలు అడిగినవారి పేర్లు, వారి గ్రంథాల పేర్లు చరిత్ర పుస్తకాల్లో స్థిరపడ్డాయి. జవాబు చెప్పిన చైనీయుల పేర్లు మాత్రం అడుగున పడిపోయాయి. ఆనాడు యూరప్ కు చేరిన సమాచారంలో ఎంత నిలిచింది, ఎంత చెదిరిపోయిందన్నది చాలావరకు ఆ జవాబు చెప్పినవారిని బట్టే తేలుతుంది.

మార్కో పోలో కథనం ఈ ఆసక్తికి తొలి ఊపిరి. 1271లో వెనీస్ నుంచి బయలుదేరి 1295లో తిరిగి చేరిన ఈ వర్తకుడు, 1298లో జెనోవా చెరలో ఉండగా తన అనుభవాలను పీసా వాసి రుస్తికెల్లోకు చెప్పి రాయించాడు. తిరుగు ప్రయాణంతో ముడిపడిన భాగాల్లోనే తెలుగు తీరం ప్రస్తావన ఉంది. అతడు ముత్ఫిలి అన్నది మోటుపల్లేనని, అక్కడ పొగిడిన రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల్లో ఎక్కువమంది గుర్తించారు. అయితే పోలో వర్ణించిన ‘కథాయ్’, సముద్రమార్గాన పోర్చుగీసువారు చేరిన చైనా ఒకటేనా అన్న సందేహం మూడు శతాబ్దాలపాటు తీరలేదు. 1585లో రోమ్‌లో వెలువడిన మెందోజా చైనా చరిత్ర అనేక యూరప్ భాషల్లోకి వెళ్ళి విపరీతంగా చదివించుకుంది. దాని రచయిత చైనాలో అడుగు పెట్టలేదు. ఇతరుల నివేదికలను కూర్చి రాశాడు.

పద్ధతి మారింది 1583లో. జెసూట్ మతగురువులు మికేలె రుజ్జేరి, మత్తెయో రిచ్చి ఆ ఏడు దక్షిణ చైనాలోని జావోచింగ్‌లో నివాసం ఏర్పరచుకున్నారు. వచ్చిన పని మతప్రచారం. దానికి భాష కావాలి, భాషకు గురువులు కావాలి. మొదట బౌద్ధ భిక్షువుల మాదిరి తల గొరిగించుకుని తిరిగారు. సమాజంలో గౌరవం భిక్షువులకన్నా పండితాధికారులకు ఎక్కువని తెలిశాక, 1595లో రిచ్చి గడ్డం పెంచి పండితుల పట్టువస్త్రం ధరించాడు. అదే ఏట స్నేహం మీద చైనా భాషలో చిన్న పుస్తకం రాశాడు.

అతని ఇంటికి వచ్చిన చైనీయులకూ ఆసక్తి తక్కువేమీ కాదు. గోడమీది ప్రపంచ పటం చూసి జావోచింగ్ అధికారి దాన్ని చైనా భాషలో గీయమని కోరాడు. 1584లో తొలి రూపం అచ్చయింది. 1602లో బీజింగ్‌లో పండితుడు లీ జిజావ్ తోడ్పాటుతో ఆరు పలకల పెద్ద పటం వెలువడింది. 1607లో రిచ్చి, షు గ్వాంగ్‌చీ కలిసి యూక్లిడ్ జ్యామితి గ్రంథంలోని మొదటి ఆరు భాగాలను అనువదించారు. రిచ్చి నోటితో వివరిస్తే షు చైనా గద్యంలోకి మలిచేవాడు, మళ్ళీ ఇద్దరూ సరిచూసేవారు. షు తరవాతి కాలంలో మింగ్ రాజ్యపు మహామంత్రులలో ఒకడయ్యాడు. ఆ అనువాదంలో కుదుర్చుకున్న జ్యామితి పరిభాషలో కొంత చైనాలో నేటికీ వాడుకలో ఉంది. రెండు వైపుల పండితులు ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇలాంటి పని ఈ రెండు శతాబ్దాల్లో మళ్ళీ మళ్ళీ జరగలేదు.

కథాయ్ సందేహం తీరిన తీరు విషాదకరం. బీజింగ్ చేరిన రిచ్చి ఆ రెండూ ఒకటేనని ఉత్తరాలు రాశాడు. భారతదేశంలోని జెసూట్లు దాన్ని భూమార్గాన పరీక్షించదలిచారు. బెంతో ద గోయిష్ 1602లో ఆగ్రా నుంచి అక్బరు అనుమతితో, ఆయన ఇచ్చిన ధనంతో, వర్తకుడి వేషంలో బయలుదేరాడు. లాహోరు, కాబూలు, యార్కండ్ దాటి 1605 చివరకు చైనా వాయవ్య సరిహద్దులోని సూజో పట్టణం చేరి అక్కడే చిక్కుకుపోయాడు. రిచ్చి పంపిన చైనా యువకుడు 1607 వసంతంలో అతని దగ్గరకు వచ్చేసరికి మరణశయ్య మీద ఉన్నాడు, కొద్దిరోజులకే కన్నుమూశాడు. మిగిలిన కాగితాలను బీజింగ్ చేర్చింది ఆ యువకుడూ, ప్రయాణంలో గోయిష్‌కు తోడుగా వచ్చిన ఆర్మీనియా వాసి ఐజాకూ. యూరప్ పటాల్లో కథాయ్ వేరే దేశంగా ఇంకా కొన్నాళ్ళు కనిపించినా, సమస్య తేలింది అప్పుడే.

రిచ్చి 1610లో మరణించాక అతని రాతలను నికొలా త్రిగో లాటిన్‌లోకి మార్చి 1615లో ప్రచురించాడు. 1655లో మార్తీనో మార్తీని చైనా అట్లాసు వచ్చింది. 1658లో అతడే ప్రచురించిన ప్రాచీన చైనా చరిత్ర యూరప్‌లో కలవరం రేపింది. చైనా గ్రంథాల ప్రకారం మార్తీని లెక్కగట్టిన తొలి రాజు కాలం, బైబిలు ప్రకారం అప్పటి పండితులు గట్టిన జలప్రళయ కాలం కంటే ముందుకు పోయింది. లోకమంతా మునిగి నోవహు కుటుంబమే మిగిలితే ఆ రాజులు ఎక్కడివారు? బైబిలు కాలగణననే సవరించుకోవాలని ఐజాక్ వోసియస్ మరుసటి ఏడే వాదించాడు. చైనా గురించి తెలుసుకోబోయి యూరప్ తన కాలమానాన్నే సందేహించవలసి వచ్చిన సందర్భం ఇది. ఇదే తరంలో అతనాసియస్ కిర్షర్ 1667లో చిత్రాలతో నిండిన చైనా గ్రంథం ప్రచురించాడు. సహచరులు పంపిన విలువైన సమాచారం అందులో చాలా ఉంది. కానీ చైనా లిపి ఈజిప్టు చిత్రలిపి నుంచి పుట్టిందన్న సిద్ధాంతం కిర్షర్ సొంతం. అతడు ఆ లిపి చదవలేడు. ఈ గ్రంథం పొందిన ఆదరణకు, దాని సిద్ధాంతపు బలానికి సంబంధం లేదు.

చైనీయులే యూరప్ వచ్చి జవాబులు చెప్పిన సందర్భాలు అరుదు గనుక షెన్ ఫూజోంగ్ ప్రయాణం ప్రత్యేకంగా గమనించదగ్గది. జెసూట్ మతగురువు ఫిలిప్ కూప్లే వెంట వచ్చిన ఈ యువకుడు 1684లో వెర్సాయిలో 14వ లూయీని, 1687లో ఇంగ్లండ్‌లో రెండవ జేమ్స్‌ను కలిశాడు. జేమ్స్ కోరికపై గాడ్‌ఫ్రే నెల్లర్ అతని నిలువెత్తు చిత్రం గీశాడు. దానికంటే ముఖ్యమైన పని ఆక్స్‌ఫర్డ్‌లో జరిగింది. బాడ్లియన్ గ్రంథాలయంలో ఎన్నో ఏళ్ళుగా చేరిన చైనా పుస్తకాలను చదవగలవారు లేక ఏది తల, ఏది తోక అన్నది కూడా తెలియని స్థితి. షెన్ వాటిని పరిశీలించి పేర్లు, విషయాలు చెప్పాడు. గ్రంథాలయాధిపతి థామస్ హైడ్ లాటిన్‌లో అడుగుతుంటే షెన్ లాటిన్‌లోనే చెప్పేవాడు. చైనా ఆటలు, తూనికలు, కొలతల గురించి హైడ్ తరవాత రాసినవి ఆ సంభాషణల ఫలమే. కన్ఫ్యూషియస్ బోధల లాటిన్ గ్రంథం కూప్లే ఆధ్వర్యంలో పారిస్‌లో వెలువడింది కూడా 1687లోనే. షెన్ స్వదేశానికి తిరిగి వెళ్తూ 1691లో ఓడలోనే మరణించాడు.

ప్రశ్నలను పట్టికగా రాసి పంపడం ఈ కాలంలో స్థిరపడిన అలవాటు. 1685లో ఫ్రాన్సు రాజు తరఫున బయలుదేరిన జెసూట్ గణితవేత్తల చేతుల్లో పారిస్ విజ్ఞాన అకాడమీ అడిగిన ప్రశ్నలు ఉన్నాయి. లైబ్నిజ్ 1689లో రోమ్‌లో చైనా జెసూట్ క్లౌదియో గ్రిమాల్దికి ముప్పై ప్రశ్నలు అందించాడు. మొక్కలు, లోహాలు, కాగితం, గణితం ఏవీ వదలలేదు. 1697లో చైనా సమాచారాన్ని కూర్చి ఒక పుస్తకం ప్రచురించాడు. ఈ మేధావి చూపు విశాలమైనదే. అయినా ప్రశ్న అడిగినవాడి మనసులో ఉన్నదే జవాబుగా తిరిగి రావడానికి చక్కని ఉదాహరణ కూడా ఇతడి జీవితంలోనే ఉంది. సున్న, ఒకటి అనే రెండే అంకెలతో లెక్కించే పద్ధతిని లైబ్నిజ్ అప్పటికే రూపొందించుకున్నాడు. ‘యీజింగ్’ గ్రంథంలోని 64 రేఖాచిత్రాల వరుసను బీజింగ్ నుంచి జెసూట్ బువే పంపగా 1703లో అది చేతికందింది. ఆ రేఖల్లో తన పద్ధతే ఉందని, ప్రాచీన చైనా చక్రవర్తికి అది తెలుసునని లైబ్నిజ్ ప్రకటించాడు. ఆ వరుస నిజానికి 11వ శతాబ్దికి చెందిన షావ్ యోంగ్ కూర్చినది.

ఇలాంటి ఊహలకు పూర్తి విరుద్ధంగా నిలిచేవి చేతిపనులు, మొక్కల గురించి వచ్చిన ఉత్తరాలు. పింగాణీ తయారీ యూరప్‌కు పెద్ద చిక్కుముడి. జెసూట్ ఫ్రాన్స్వా క్సావియే దాంత్రెకోల్ 1712లోనూ 1722లోనూ జింగ్‌డెజెన్ బట్టీల గురించి రెండు సుదీర్ఘమైన ఉత్తరాలు రాశాడు. రెండు రకాల మట్టిరాయి కలపడం, నానబెట్టి వడగట్టడం, పూత, చిత్రించడం, బట్టీలో పేర్చే తీరు, ఒక్క పాత్ర ఎందరి చేతులు మారుతుందో అన్నీ వాటిలో ఉన్నాయి. తాను చూసినవాటికి తోడు అక్కడి పుస్తకాలు, బట్టీల్లో పనిచేసే తన క్రైస్తవ విశ్వాసులు చెప్పిన సంగతులు కలిపి రాశానని అతడు దాచలేదు. జర్మనీలోని మైసెన్ అప్పటికే సొంత ప్రయోగాలతో పింగాణీ రహస్యం ఛేదించింది కాబట్టి ఆ ఘనత ఈ ఉత్తరాలకు దక్కదు. కానీ ఇంగ్లండ్‌లో విలియం కుక్‌వర్దీ వీటిని చదివి కార్న్‌వాల్‌లో అలాంటి మట్టి కనుగొన్నాడు. చదివిన వర్ణన పట్టుకుని నేలను గుర్తించగలిగాడంటే ఆ వర్ణన ఎంత నమ్మకమైనదో తెలుస్తుంది. పేర్లు నమోదు కాని కుమ్మరుల పరిజ్ఞానం అది.

జిన్సెంగ్ కథ ఇంకా దూరం వెళ్ళింది. కాంగ్‌షీ చక్రవర్తి ఆజ్ఞ మేరకు రాజ్య పటాలు గీస్తూ మంచూరియాలో తిరిగిన పియేర్ జార్తూ, అక్కడివారు తెచ్చి చూపిన ఆ వేరును తాను వాడి చూసి, బొమ్మ గీసి 1711లో ఉత్తరం రాశాడు. ఇలాంటి వాతావరణమే ఉన్న కెనడాలో అది దొరకవచ్చని ఊహించాడు. ఆ ఉత్తరం చదివిన అక్కడి జెసూట్ లఫితో 1716లో మాంట్రియల్ సమీపంలో అలాంటి మొక్కను గుర్తించాడు. అది ఏమిటో నిర్ధారించుకోవడానికి స్థానిక మొహాక్ స్త్రీని అడిగాడు. కొద్ది ఏళ్ళలోనే కెనడా వేళ్ళు ఓడలెక్కి చైనా బజారుకు చేరాయి. ఒక ఖండంలోని ప్రశ్నకు మరో ఖండం జవాబిచ్చిందంటే, మధ్యలో మంచూరియా వాసుల మాట, మొహాక్ స్త్రీ మాట ఉన్నాయి.

తత్వం, రాజకీయం వద్దకు వచ్చేసరికి జిజ్ఞాస యూరప్ సొంత తగాదాలకు ఆయుధమైంది. పితృదేవతలకు, కన్ఫ్యూషియస్‌కు చైనా క్రైస్తవులు చేసే నమస్కారం మతకర్మా లౌకిక మర్యాదా అన్న వివాదంలో జెసూట్ల వైఖరిని పోపులు 1704, 1715, 1742 ఆదేశాల్లో తోసిపుచ్చారు. కాంగ్‌షీ ఆగ్రహించి ప్రచారాన్ని నిషేధించాడు. 1721లో హాలే విశ్వవిద్యాలయంలో క్రిస్తియాన్ వోల్ఫ్, దైవప్రకటన లేకుండానే మనిషి నీతిమంతుడు కాగలడనడానికి చైనాను ఉదాహరణగా చూపాడు. రెండేళ్ళకు ప్రష్యా రాజు 48 గంటల్లో రాజ్యం వదిలిపొమ్మన్నాడు. 1735లో జఁ బతిస్త్ ద్యు హాల్ద్ నాలుగు భారీ సంపుటాల చైనా వర్ణన తెచ్చాడు. ఫ్రాన్సు దాటకుండా, 27 మంది జెసూట్ల నివేదికల ఆధారంగా కూర్చిన గ్రంథం. చైనాను వివేకవంతమైన పాలనకు నమూనాగా వోల్తేర్ చూపితే, మాంతెస్క్యూ 1748లో అది భయం మీద నడిచే నిరంకుశత్వమని తీర్పు చెప్పాడు. ఒకరికి చర్చి ఆధిపత్యం మీద కోపం, మరొకరికి రాజు అధికారం మీద భయం. మాంతెస్క్యూకు మాత్రం ఒక ప్రత్యక్ష సాక్షి ఉన్నాడు. ఫ్యూజియన్ నుంచి వచ్చి పారిస్‌లో స్థిరపడి, రాజ గ్రంథాలయంలో చైనా పుస్తకాల జాబితా, నిఘంటువు, వ్యాకరణం సిద్ధం చేస్తున్న హ్వాంగ్‌తో 1713లో మాట్లాడి నోట్సు రాసుకున్నాడు. ఆ నిఘంటువు పూర్తికాకుండానే హ్వాంగ్ 1716లో మరణించాడు.

18వ శతాబ్ది ద్వితీయార్ధంలో ద్వారం ఇరుకైంది. 1757 నుంచి పాశ్చాత్య నౌకావ్యాపారం గ్వాంగ్‌జో ఒక్క రేవుకే పరిమితమైంది. ఆంగ్ల వర్తకుడు జేమ్స్ ఫ్లింట్ ఈ ఏర్పాటుపై చక్రవర్తికి ఫిర్యాదు చేసినందుకు మూడేళ్ళు బందీగా ఉన్నాడు. అతనికి అర్జీ రాయడంలో సాయపడిన చైనీయుడికి మరణశిక్ష పడింది. ప్రశ్నించినవాడి కంటే జవాబు చెప్పినవాడే ఎక్కువ మూల్యం చెల్లించాడు. 1793లో బ్రిటన్ రాయబారిగా వచ్చిన జార్జి మెకార్ట్నీ అంతకుముందు, 1781 నుంచి 1785 దాకా, మద్రాసు గవర్నరు. అప్పటి ఉత్తర సర్కారు జిల్లాలు ఆ ప్రభుత్వం కిందివే. చియెన్‌లోంగ్ చక్రవర్తి వాణిజ్య కోరికలన్నీ తిరస్కరించాడు. మెకార్ట్నీ దారిలో సేకరించిన తేయాకు మొక్కలు మాత్రం కలకత్తా తోటకు చేరాయి. ఆ రాయబార బృందానికి చైనా భాష వచ్చినవారి కోసం నేపుల్స్‌లోని చైనా విద్యార్థుల కళాశాల దాకా వెళ్ళి వెతకవలసి వచ్చింది. అక్కడ దొరికిన లీ జిబియావ్ అనువాదకుడిగా చివరిదాకా వెంట ఉన్నాడు. అతని వంటివారి దగ్గర ఓడలో భాష నేర్చుకున్న పన్నెండేళ్ళ జార్జి థామస్ స్టాంటన్ పెద్దయ్యాక, 1810లో చింగ్ రాజ్యపు శిక్షాస్మృతిని ఇంగ్లీషులోకి తెచ్చాడు.

1814లో పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్‌లో చైనా భాషకు ఆచార్య పీఠం ఏర్పడింది. తొలి ఆచార్యుడు రెమ్యుజా చైనా చూడలేదు. గ్వాంగ్‌జోలో ఏళ్ళ తరబడి ఉన్న జెసూట్ జోసెఫ్ ప్రెమార్ 1728లో ముగించి పారిస్ పంపిన గొప్ప వ్యాకరణం రాజ గ్రంథాలయంలో మూలపడి ఉంటే, దాన్ని వెలికితీసి వాడుకున్నది రెమ్యుజాయే. అది అచ్చయింది మాత్రం 1831లో, మలక్కాలో. హ్వాంగ్ కాగితాలు చేతికి వచ్చిన పారిస్ పండితుడు ఎతియెన్ ఫూర్మోఁ 1742లోనే తన పేరిట చైనా వ్యాకరణం ప్రచురించుకున్నాడు. యూరప్‌లో చైనా అధ్యయనానికి 1814ను పుట్టిన ఏడుగా చెప్పడం పీఠాల చరిత్రకు సరిపోవచ్చు గానీ జ్ఞాన చరిత్రకు సరిపోదు. ఈ విషయం మీద తెలుగులో రాసేవారు రిచ్చి పక్కన షు గ్వాంగ్‌చీని, లీ జిజావ్‌ను, హైడ్ పక్కన షెన్ ఫూజోంగ్‌ను, మాంతెస్క్యూ పక్కన హ్వాంగ్‌ను సహాయకులుగా కాక సహరచయితలుగానే పేర్కొనాలి.