బ్రైటన్ తీరము: వలలారిన మైదానము

ఆంగ్లదేశమునకు దక్షిణపు టంచున, లండను నగరమునకు సుమారు 50 మైళ్ళ దూరమున, బ్రైటన్ అను పట్టణము కలదు. ఆ పేరు వినగానే సముద్రస్నానమును, వసతిగృహములును, సెలవుదినముల సందడియును అచ్చటివారికి స్ఫురించును. చరిత్రపుస్తకములలోనైనను ఈ యూరు ఒక రాజుగారి విలాసభవనమును బట్టియే కనబడును. నేనీ పూట ఆ కథను జాలరుల వైపునుండి చెప్పదలచితిని. పొలము గట్టు తగవులును, పోరంబోకు తగవులును ఎరిగిన పెద్దలు మీరు; ఇందలి మర్మము మీకు వేరుగ విప్పి చెప్పనక్కరలేదు.

1086లో విలియము రాజు తన రాజ్యమునందలి భూములన్నిటికిని లెక్క వ్రాయించెను. ఆ లెక్కలో బ్రైటన్ నందలి ఒక భూమికి కట్టుబడిన శిస్తు ధాన్యము కాదు, నాణెము కాదు. నాలుగు వేల హెర్రింగు చేపలు. హెర్రింగు అనగా మన కవళ్ళ జాతిలోనిది. ఊరు దేనిమీద బ్రదికినదో చెప్పుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

ఐదువందల యేండ్లకు పిమ్మట అచ్చటి జాలరులకును, మెరకమీది కాపులకును పన్నుల విషయమున తగవు పుట్టినది. ప్రభుత్వము విచారణకర్తలను పంపగా, 1580లో ఊరి ఆచారములన్నియు ఒక గ్రంథముగ వ్రాయబడినవి. అందులో 80 వేటపడవలు, 400 మంది నావికులు, పదివేల వలలు లెక్కకు వచ్చినవి. వేటలో దొరికిన సొమ్ములో గుడి గురువునకు కొంత, ఊరి ఖర్చులకు కొంత పాలు తీయవలెనని కట్టుబాటు. మన తీరమున పడవకొక పాలు, వలకొక పాలు తీయుట యెట్లో ఇదియు నట్లే. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి: ఊరి వ్యవహారము నడుపు పన్నిద్దరు పెద్దలలో ఎనమండుగురు జాలరులు, నలుగురు మాత్రమే మెరకవారు. పంచాయతి యనిన నట్టిది కావలెను. ఎవరి చెమటతో ఊరు నిలిచెనో వారి మాటయే అందు చెల్లెడిది.

అయితే ఆ జాలరులను పట్టణపువారే చెడగొట్టిరనుట న్యాయము కాదు. మొదటి శత్రువు సముద్రమే. తీరము కోసుకొనిపోవుచు వచ్చినది. 1703లోను, 1705లోను వచ్చిన పెనుతుపానులలో ఒడ్డున నున్న దిగువ పేట నాశమైనది. మిగిలిన ఇండ్లు గులకరాళ్ళ క్రింద పూడిపోయినవి. ఊరు చితికి బీదదై యుండగా ఒక వైద్యుడు వచ్చెను.

ఆయన పేరు రిచర్డ్ రస్సెల్. సమీపమందలి లూయిస్ పట్టణపువాడు. సముద్రజలము గ్రంథిరోగములకు దివ్యౌషధమని 1750లో లాటిను భాషలో ఒక గ్రంథము ప్రకటించెను. ఆ జలములో మునుగుట మాత్రమే కాదు, త్రాగవలెననియు విధించెను! మన పెద్దలు పర్వదినములయందు సముద్రస్నానము విధించిరే గాని ఉప్పునీరు గిన్నెతో త్రాగుమనలేదు. ఆంగ్లదేశపు ధనికులు త్రాగిరి. 1753లో ఆయన బ్రైటన్‌లోనే గృహము కట్టుకొనెను. రోగులు వచ్చిరి, వారి వెంట బంధువులు వచ్చిరి, పిమ్మట రోగము లేనివారును వచ్చిరి. చక్రముల గదులలో కూర్చుండబెట్టి నీటిలోనికి తీసికొనిపోయి, స్త్రీలను ముంచి తీయుటకు బలమైన స్థానిక స్త్రీలు కుదిరిరి. మార్తా గన్ అను నామె యీ పనిలో దేశప్రసిద్ధి పొంది 1815లో మరణించినది.

రస్సెల్ వైద్యుని యిల్లు ఏ మైదానము నంటి యుండెనో అది ఈ కథకు ఆయువుపట్టు. దానిని స్టెయిన్ అందురు. తరతరములుగ జాలరులు అచ్చట వలలు ఆరవేసికొనిరి, పడవలు ఈడ్చి పెట్టుకొనిరి. భీమునిపట్టణమునుండి విశాఖపట్టణమువరకు ఇసుకమీద పరచిన వలలు చూచినవారికి ఆ దృశ్యము కన్నులకు కట్టును. వల యనగా నూలు. తడి ఆరనిచో కుళ్ళును. కుళ్ళిన వల జాలరికి బీడుపడిన పొలము. కాని విహారార్థులకు ఆ మైదానమే షికారుస్థల మయ్యెను. కాళ్ళకు వలలు తగులుచున్నవనియు, వాసన వచ్చుచున్నదనియు ఆక్షేపణలు బయలుదేరినవి. కంచెలు వచ్చినవి, పచ్చిక వచ్చినది, చుట్టును మేడలు వచ్చినవి. జాలరులకు అనుభవమే గాని ఒకనాడు ఒకరు తరిమినారని చెప్పుకొనుటకైనను వీలులేనట్లు, జానెడు జానెడుగా ఆ మైదానము చేజారినది. 1773లో శాసనముచేత పట్టణపాలనము 64 మంది కమిషనర్లకు ఒప్పగింపబడెను. వలవారికి ఇన్ని స్థానములని అందులో నియమము లేదు. వలలు కంచె వెలుపలికి పోవుటకు ఇదియే అసలు త్రోవయని నా నిశ్చయము.

1783లో యువరాజు వచ్చెను. ఆయనయే పిమ్మట నాలుగవ జార్జి రాజు. ఆయనకొఱకు జాన్ నాష్ అను శిల్పి 1815 మొదలు కొన్ని యేండ్లు శ్రమించి, ఆ స్టెయిన్ ప్రక్కనే, హిందూస్థానపు గుమ్మటములతో ఒక భవనము తీర్చిదిద్దెను. మన దేశమును కంటితో చూడని రాజు మన గుమ్మటముల క్రింద విందులారగించెను. ఆ కాలముననే పాట్నాలో 1759లో పుట్టిన దీన్ మహమ్మద్ అను నాతడు బ్రైటన్‌లో ఆవిరిస్నానశాల తెరచి, మన దేశపు పద్ధతిని ఒడలు మర్దనచేయుచు, ఇద్దరు రాజులకు ఆస్థాన మర్దనవైద్యుడయ్యెను. నేటి పిల్లలు తలకు రుద్దుకొను షాంపూ యను మాట, చాంప్‌నా అను హిందీ మాటనుండి పుట్టినదే.

1841లో లండనునుండి రైలు వచ్చినది. 1801లో సుమారు 7,300 ఉన్న జనసంఖ్య ఆ యేటికి 46,000 దాటెను. అంతవరకు గుఱ్ఱపు బండికి డబ్బున్నవారు వచ్చిరి. ఇక కూలిచేయువారును ఒకపూట సముద్రము చూచి పోగలిగిరి. ఇది మేలే. సముద్రమునకు తాళము వేయుట ఎవరికిని తగదు.

భారతీయులమైన మనకు ఆ భవనముతో మరియొక బంధము కలదు. 1914 చివరనుండి 1916 ఆరంభమువరకు అది ఫ్రాన్సు యుద్ధభూమిలో గాయపడిన మన సిపాయిలకు ఆసుపత్రియయ్యెను. మతాచారములు చెడకుండ వేర్వేరు వంటశాలలును, నీటి గొట్టములును అమర్చిరి. బ్రైటన్ ఆసుపత్రులలో మరణించిన హిందువులను, సిక్కులను 53 మందిని ఊరివెనుక గుట్టలమీద దహనము చేసిరి. అచ్చట 1921లో ప్రతిష్ఠించిన తెల్లని ఛత్రి నేటికిని నిలిచియున్నది.

ఇంత జరిగినను జాలరులు తీరము పూర్తిగ విడువలేదు. రాతిగోడ క్రింద, గులకరాళ్ళమీద, తెల్లవారుజామున పడవలు చేరగానే చేపలు వేలమువేయు సంత ఇరువదవ శతాబ్దమున సగము దాటువరకు సాగెను. పరిశుభ్రత చాలదని 1960లో దానిని ఊరిలోపలికి తరలించిరి. 1979లో ప్రారంభోత్సవము జరిగిన నావికాశ్రయము ఊరికి తూర్పున లేచినది. మిగిలిన కొలదిమంది వేటగాండ్రు అక్కడికో, ప్రక్కనున్న షోరమ్ రేవునకో చేరిరి.

మన విశాఖ తీరమున ఋషికొండకు 2020లో నీలిజెండా గుర్తింపు వచ్చినది. దాని నియమములు స్నానమునకు నీరు, ఒడ్డు శుభ్రముగ నుండవలెనని చెప్పును. ఎండుచేపలు పరచు చోటును గూర్చి మనవారే వేరుగ వ్రాసికొనవలెను. అదియు, వలలింకను ఇసుకమీద నుండగనే.

బ్రైటన్‌లో 1994లో సముద్రపుటొడ్డు కమానుల క్రింద జాలరుల ప్రదర్శనశాల నొకటి తెరచిరి. లోపల ఒక వేటపడవ నిలిపియున్నది. దానిచుట్టు వలలు, పటములు. అందులోని వల తడియదు.