మెట్టనేల ముడుపులు



ఈ సాయంకాలము మీతో ముచ్చటింప దలచిన విషయము యాత్ర. యాత్రామాహాత్మ్యము చెప్పుట నా యుద్దేశము కాదు. అది చెప్పుటకు పౌరాణికులు గలరు. యాత్రకు డబ్బు ఎక్కడనుండి వచ్చెను, దానికై ఇంటిలో ఎవరు ఏమి మానుకొనిరి, ఆ మానుకొనుట వలన ఇల్లు బాగుపడెనా, చెడెనా అనునదియే నా ప్రసంగము.

ఈ యాలోచన నాకు కలుగుటకు ఒక చిన్న కారణము గలదు. 2022 జూన్ నెలలో విశాఖపట్టణమునకు ఒక గొప్ప విహారనౌక వచ్చి, యాత్రికుల నెక్కించుకొని పుదుచ్చేరి, చెన్నపట్టణముల వైపు పోయినది. నా యెఱుకలో ఒక చిన్న యుద్యోగి గలడు. అతడును, అతని భార్యయు అట్టి ఓడప్రయాణము ఏటేట చేయవలెనని వ్రతము పట్టినారు. హోటలు కాఫీ మానినారు. రెండు మైళ్ల దూరమైనచో బస్సెక్కరు. పండుగకు ఒకే జత బట్టలు. ఈ సంగతి మా యూరి రచ్చబండమీద చెప్పగా పెద్దలు నవ్విరి. "కడుపు మాడ్చుకొని సముద్రము చూచుటా! ఇదేమి కాలము!" అనిరి. నేను నవ్వలేకపోతిని. ఏలనన, ఇది క్రొత్త కాలపు వింత కాదు. మన అవ్వలు చేసినది ఇదియే. వారు దానికి పెట్టిన పేరు ముడుపు.

మొదట మన నేల సంగతి తలచుకొందము. అనంతపురము సీమలో ఏడాదికి పడు వాన సుమారు 22 అంగుళములు, అనగా 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించును. తూర్పు సముద్రపు వానలు మనదాక వచ్చుసరికి అలసిపోవును. పెన్న నందికొండలలో పుట్టి మన నేలమీదుగా పామిడి, తాడిపత్రి దాటి పోవుచున్నది గాని, ఏడాదిలో పెక్కు నెలలు అది ఇసుకయే. ఇంకొక మాట గమనింపుడు. బృహస్పతి ఒక్కొక్క రాశి ప్రవేశించునప్పుడు ఒక్కొక్క నదికి పుష్కరము వచ్చును. సింహరాశియందు గోదావరికి, కన్యయందు కృష్ణకు, మకరమందు తుంగభద్రకు, మేషమందు గంగకు. ఆ పండ్రెండింటిలో మన పెన్నకు చోటు లేదు. కావున పుణ్యస్నానము చేయగోరిన అనంతపురమువాడు ఇల్లు కదలి తీరవలెను. నిండుగ పాఱు నీరు చూడవలెననిన, అది మనకు యాత్రయే గాని యింటిముంగిట దొరకు వస్తువు కాదు.

అందుచే మన పల్లెలలో యాత్రలకొక వరుస ఏర్పడినది. ఏటేట ఫాల్గుణమున కదిరి నరసింహస్వామి తేరు, రెండు మూడేండ్లకొకమారు తిరుపతి, పండ్రెండేండ్లకొకమారు పుష్కరము, బ్రదుకున ఒక్కమారు, అదృష్టమున్నచో, కాశి. కదిరి నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. 2022లో జిల్లాలు విడిపోయినను తేరు దారి మాఱలేదు. ఈ యాత్రలన్నిటికి మూలధనము ఒక్కటే: పసుపుగుడ్డ.

ముడుపు కట్టు విధము మీరెఱిగినదే. ఒక క్రొత్తగుడ్డను పసుపునీట ముంచి ఆరవైచి, స్వామి పేరు తలచి ఒక నాణెము కట్టుదురు. తరువాత దినదినము కొంచెము కొంచెముగా చేరును. రాగులు విసరునప్పుడు పిడికెడు వేఱుగా ఒక దుత్తలో పడును. జొన్నలు దంచునప్పుడు ఇంకొక పిడికెడు. నెలకొకమారు ఆ గింజలు అమ్మిన డబ్బు పసుపుగుడ్డలోనికి పోవును. కొందఱు నేయి మానుదురు; కొందఱు ఆకువక్క; కొందఱు శనివారము రాత్రి భోజనము. మానిన దాని వెల ముడుపునకు చెల్లును.

దీనిని వట్టి భక్తియనుకొనుట పొరపాటు. ఇందులో గొప్ప లౌక్యము గలదు. కరువునేలయందు డబ్బు నిలుచుట కష్టము. చేతిలో నాలుగు రూపాయలున్నవని తెలిసిన చుట్టము అడుగును, అప్పులవాడు వాకిట కూర్చుండును, కొడుకు సంతకు పోవును. కాని పసుపుగుడ్డలోని డబ్బు దేవునిది. దానిని షావుకారు అడుగడు, అల్లుడు అడుగడు. తిరుమల వేంకటేశ్వరుడు తన పెండ్లికి కుబేరుని వద్ద అప్పు చేసెననియు, ఆ వడ్డి నేటికిని చెల్లించుచున్నాడనియు మనవారు చెప్పుకొందురు. అందుచేతనే ఆయన వడ్డికాసులవాడైనాడు. అప్పులలో పుట్టి అప్పులలో పెరిగిన మన రైతునకు ఆ దేవుడు తనవంటివాడుగ తోచుట వింత కాదు. తన బాకీలు తీర్పలేనివాడు సైతము ఆయన బాకీకి ఒక కాసు దాచగలిగెను. బ్యాంకులు లేని కాలమున పేదయింటి యిల్లాలికి మగవాని చేయి తగులని పెట్టె అదియొక్కటే.

ఇక చరిత్రలోనికి పోవుదము. తెలుగువారి యాత్రలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఏనుగుల వీరాస్వామయ్యగారిది. ఆయన చెన్నపట్టణము సుప్రీముకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా ప్రయాగ, కాశి చేరి, గంగమీద పడవలలోను ప్రయాణించి, గయ, కలకత్తా, జగన్నాథము చూచి, తీరము వెంబడి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. పదునైదు నెలలకు పైబడిన ప్రయాణమది. మజిలీ మజిలీకి తాను చూచినది తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి జాబులుగా వ్రాసెను. ఆ జాబులే వీరాస్వామయ్యగారి మరణానంతరము 1838లో "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చుపడినవి.

ఆయన వెంట పరివారముండెను, బోయీలుండిరి, చేతిలో ధనముండెను. మన పక్కనున్న కడపసీమమీదుగా పోయిన ఆ పల్లకి వెనుక, పేరులేని వారు కాలినడకను ఎందఱు పోయిరో ఎవరును వ్రాయలేదు. వారి మూటలో సత్తుపిండి, నడుమున పసుపుగుడ్డ. ఆ గుడ్డకు దారిపొడుగున దొంగభయము, తీర్థముచేరిన తరువాత దొరల సుంకము. ఆ కాలమున కంపెనీవారు ప్రయాగ, గయ, జగన్నాథములయందు యాత్రికులవద్ద సుంకము తీసికొనుచుండిరి; అది 1840లో రద్దయినది. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమను సామెత అప్పటిది. బయలుదేరునప్పుడే ఇంటివారు ఏడ్చి సాగనంపిరి. తిరిగివచ్చిన వానికి ఊరంతయు ఎదురేగి, గంగచెంబునకు పూజచేసి, సమారాధన చేసెను.

ఆ సామెతను మార్చినది రైలు. చెన్నపట్టణమునుండి కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లులమీదుగా పోవు ఇనుపదారి 1871లో రాయచూరువద్ద బొంబాయి దారితో కలిసెను. నెలల ప్రయాణము దినములలోనికి వచ్చెను. కాశి సంపన్నుల సొత్తుగా నుండుట మాని, ముడుపు కట్టు రైతుకు సైతము అందు దూరమునకు వచ్చెను. మన పల్లెలలో పసుపుగుడ్డలు బరువెక్కవలసిన కాలమది.

కాని అయిదేండ్లు తిరుగకముందే ధాత సంవత్సరము వచ్చెను. 1876లో వానలు తప్పెను. మఱుసటి యేడు ఈశ్వరయందును కరువు తీరలేదు. అనంతపురము అప్పటికింకను వేఱు జిల్లా కాదు, బళ్లారి జిల్లాలోనిది. 1882లోగాని విడిపోలేదు. చెన్నరాజధానిలో ఆ కరువునకు మిక్కిలి బలియైన సీమలలో బళ్లారి, కర్నూలు, కడప ముఖ్యమైనవి. 1877 మొదట దొరతనమువారి ప్రతినిధియగు రిచర్డ్ టెంపుల్ కరువుపనులలో మగవానికి దినకూలి ఒక పౌను గింజలు, ఒక అణాగా తగ్గించెను. దినమంతయు రాళ్లు మోయువానికి అది చాలదని చెన్నరాజధాని ఆరోగ్యాధికారి కార్నిష్ పట్టుబట్టి వాదింపగా, కొన్ని నెలలకు కొంత హెచ్చించిరి. రాజధానిలో లక్షలాది జనము నశించిరి. కాశికి పోవుటకు వేసిన ఇనుపదారిన గింజల బస్తాలు వచ్చెను, గింజలు కొనుటకు చేతిలో కాసులేని వాడు ఆ దారిప్రక్కనే పడిపోయెను. అట్టి సమయమున పసుపుగుడ్డ విప్పుట పాపమా, విప్పకుండుట పాపమా?

ఈ ప్రశ్నకు గ్రంథములలో జవాబు వెదకుటకంటె మా ఇంటిలో జరిగినది చెప్పుట మేలు.

మా అవ్వ కాశికని ముడుపు కట్టెను. ఆమెకు ప్రాణము ఆకువక్క. దానిని మానెను. ఎవరైన తాంబూలమిచ్చినచో పుచ్చుకొని, ఇంటికి తెచ్చి కోడలికిచ్చి, దాని వెలయని ఒక కాణి దుత్తలో వేయునట. ఇట్లు ఇరువది యేండ్లు జరిగెను. 1952లో రాయలసీమను కరువు చుట్టుకొనెను. ఊరూర గంజికేంద్రములు పెట్టిన యేడది. మీలో వృద్ధులు చిన్నతనమున ఆ గంజి త్రాగియుందురు. మా నాయన ఎద్దులను అమ్మజూచెను. గడ్డి లేదు, కొనువాడు కసాయి తప్ప లేడు. ఆ రాత్రి అవ్వ దుత్త దించి, దీపముముందు పసుపుగుడ్డ విప్పెను. నలుబది మూడు రూపాయలు. నలుబది రెండు తీసి మా నాయన చేతిలో పెట్టి, ఒక రూపాయి తిరిగి గుడ్డలో ముడివేసి, "ఇది నీవద్ద అప్పు సామీ, ఎద్దులు బతికితే తీరుస్తాను" అనెనట. ఎద్దులు బ్రతికినవి. మఱుసటి వాననాటికి మా కాడి పొలమున నిలిచినది. కాడి అమ్ముకొన్న ఇండ్లు కొన్ని కూలికి పోయి మరల తేరుకొనలేదు.

ఆ ఒక్క రూపాయినుండి ఆమె మరల ప్రారంభించెను. అప్పటికి ఆమెకు ఏబదియైదేండ్లు. కాశికి చాలునంత చేరలేదు. 1967 గోదావరి పుష్కరమునకు నన్ను వెంటబెట్టుకొని పోయెను. గుంతకల్లులో మీటరుగేజి బండియెక్కి నంద్యాలమీదుగా గుంటూరు, అక్కడనుండి బెజవాడ, రాజమహేంద్రవరము. ఆ నాటికి గోదావరిపై రైలువంతెన యున్నను బండ్లదారి వంతెన లేదు. జనము లాంచీలమీద కొవ్వూరునకు దాటుచుండిరి. స్నానమైన పిమ్మట అవ్వ ముడుపులో మిగిలినదానితో నన్ను లాంచి ఎక్కించెను. నడిమికి పోవుసరికి రెండు దరులును దూరమయ్యెను. నాలుగు దిక్కుల ఎఱ్ఱనీరు. ఆమె అంచున కూర్చుండి, చేయి నీటిలో పెట్టి, చాలసేపు తీయలేదు. తుదకు, "ఇన్ని నీళ్లు ఎవురివి నాయనా?" అని అడిగెను. నాకు జవాబు తెలియలేదు. ఇప్పటికిని తెలియదు.

కాశి గయలకు పోయినవారు అక్కడ తమకు ప్రియమైన కాయయో పండో విడిచి వచ్చుట ఆచారము. మా అవ్వ కాశి చూడక మునుపే విడువవలసినవన్నియు విడిచినది. కాశి మాత్రము చూడలేదు. అయినను ఆమె నష్టపోయెనని నేననుకొనను. ఆ ముడుపు మాకు ఒకమారు ఎద్దులై నిలిచినది, ఒకమారు గోదావరియై నిలిచినది.

కాని ఇంకొక వైపు చెప్పకపోయినచో ఇది చరిత్ర కాదు, స్తోత్రము. చాలయిండ్లలో పిడికెడు గింజలు తగ్గించుకొన్నది ఆడుది. బండి యెక్కినది మగవాడు. పిల్లల గంజి పలుచనచేసి కట్టిన ముడుపులు నేనెఱుగుదును. షావుకారువద్ద నోటువ్రాసి తిరుపతికి పోయి, గుండుతోపాటు పొలమును పోగొట్టుకొన్నవారినీ ఎఱుగుదును. అది ముడుపు కాదు, అప్పు. దానికి వడ్డికాసులవాడు బాధ్యుడు కాడు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాపై తిరుగబడిరి. తరువాతి సంవత్సరములలో ఆంధ్రదేశమంతట దినమునకొక రూపాయి దాచు పొదుపు సంఘములు వెలసినవి. మన పల్లెలకును అవి వచ్చినవి. దుత్తకు బదులు పుస్తకము, పసుపుగుడ్డకు బదులు బ్యాంకు. అయినను కిటుకు పాతదే: మగవాని చేతికందని చోట, నలుగురి కన్నులయెదుట, కొంచెము కొంచెముగా దాచుట. ఆ డబ్బుతో నేడు కొందఱు స్త్రీలు గుంపుగా పాపికొండలకు లాంచియాత్రలు పోవుచున్నారు. పోనిండు. వారు మానుకొన్నది వారిది. చూచు నీరును వారిదే కావలెను.

కావున ఓడయాత్రకై కాఫీ మానిన ఆ యువకుని చూచి నవ్వకుడు. మూడు ప్రశ్నలు మాత్రము అడుగుడు. మానినది నీవేనా, లేక ఇంటిలో మఱియొకరా? కట్టినది నీ డబ్బా, అప్పా? కష్టమువచ్చిననాడు గుడ్డ విప్పుటకు నీకు ధైర్యము గలదా? ఈ మూటికిని తిన్నని జవాబు చెప్పగలిగినచో, వానికి ఒక కొబ్బరికాయ యిచ్చి సాగనంపుడు. తిరిగివచ్చిన తరువాత ఆ నీళ్లెట్లుండెనో అడిగి తెలిసికొనుడు.