బొమ్మ గీస్తే ప్రోగ్రాము వస్తుందా?

పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అటు ఏడు తరాలూ, ఇటు ఏడు తరాలూ చూడమన్నారు పెద్దలు. పిల్లవాడి క్రాఫూ, సూటూ చూసి మురిసిపోయి కాళ్ళు కడిగేస్తే, తరవాత కళ్ళు తుడుచుకోవలసింది మనమే.

కంప్యూటరు ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకీ ఇలాంటి సంబంధం ఒకటి కుదర్చవలసిన పని అప్పుడప్పుడు తగులుతూ ఉంటుంది. ఒక పక్క బొమ్మ గీసే పనిముట్టు. దాన్ని మోడలింగ్ టూల్ అంటారు. రెండో పక్క ఆ బొమ్మను చదివి ప్రోగ్రాము రాసిపెట్టేది. దాన్ని కోడ్ జనరేటర్ అంటారు. ఈ రెండింటికీ జాతకాలు కలుస్తాయా, కలవవా? అదీ ప్రశ్న.

ఇదేమిటో మన ఊరి లెక్కలో చెప్పుకుందాం. దేవరాపల్లిలో ఒకాయన అరెకరం అమ్మాడనుకోండి. అమ్మినవారికో పెట్టె, కొన్నవారికో పెట్టె, సర్వే నంబరుకో పెట్టె గీసి, వాటిమధ్య గీతలు కలుపుతాం. ఒకే సర్వే నంబరులో నలుగురన్నదమ్ములకి వాటాలుంటే ఆ సంగతీ గీత మీదే రాస్తాం. జనరేటరు దాన్ని చదివి, వివరాలు దాచుకునే పట్టికలూ, తెర మీది ఫారాలూ, వాటిని నడిపే ప్రోగ్రామూ తనే రాసేస్తుంది. రేపు సర్కారువారు కొన్నవారి ఫోను నంబరు కూడా రాయమంటే పెట్టెలో ఒక్క వరస చేరిస్తే చాలు. వినడానికి ఎంత హాయిగా ఉందో చూడండి!

ఈ హాయి కోసం మనిషి చాలాకాలంగా కలలు కంటూనే ఉన్నాడు. ముత్తాత దగ్గర మొదలుపెడదాం. 1947లో గోల్డ్‌స్టైన్, ఫాన్ నాయ్‌మన్ అనే ఇద్దరు పండితులు కంప్యూటరు చేయవలసిన పనిని పెట్టెలతో, బాణాలతో గీసి చూపించారు. అదే ఫ్లోచార్టు. తరవాత ప్లాస్టిక్ అచ్చులు పెట్టుకుని ఫ్లోచార్టు గీయడం ప్రోగ్రామర్లకి అక్షరాభ్యాసం అయిపోయింది. 1969లో హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. నుంచి టి.డి.సి.-12 కంప్యూటరు వచ్చేనాటికి ప్రపంచమంతా ఇదే తంతు.

ఇందులో ఒక తమాషా ఉంది. ముందు బొమ్మ, తరవాత ప్రోగ్రాము అన్నది శాస్త్రం. జరిగేది మాత్రం తలకిందులు. ప్రోగ్రాము రాసేసి, పైవాళ్ళు అడిగారని తరవాత బొమ్మ గీసేవారు! 1965 ప్రాంతంలో అమెరికాలో ఆటోఫ్లో అనే సరుకు అమ్మకానికి వచ్చింది. పూర్తయిన ప్రోగ్రామును చదివి ఫ్లోచార్టు గీసిపెట్టడమే దాని పని. పిల్లవాడు పుట్టాక పెళ్ళి శుభలేఖ అచ్చేసినట్టన్నమాట.

తాతగారి తరంలో, అంటే 1976లో, పీటర్ చెన్ అనే ఆయన వస్తువులకీ వాటి సంబంధాలకీ బొమ్మలు గీసే పద్ధతి చెప్పాడు. మన అరెకరం బొమ్మకి మూలం అదే. 1980లలో దాని మీద కేస్ టూల్స్ అనే వ్యాపారం లేచింది. ఇక ప్రోగ్రామర్లతో పనే ఉండదని ప్రచారం జోరుగా సాగింది. 1989లో ఐ.బి.ఎం. అంతటి కంపెనీ ఏ.డి. సైకిల్ అనే పథకం ప్రకటించింది. ఎవరి పనిముట్టుతో గీసినా బొమ్మలన్నీ ఒకే భోషాణంలో దాచుకోవచ్చు అన్నారు. కొద్ది సంవత్సరాలకే ఆ పథకం అటకెక్కింది. దాన్ని నమ్ముకుని బొమ్మలు గీసినవాళ్ళు ఆ భోషాణం చుట్టూ నిలబడ్డారు.

తండ్రి తరం మరీ రసవత్తరం. బూచ్ గారు మేఘాల బొమ్మలు గీస్తారు. రంబా గారివి నలుచదరపు పెట్టెలు. స్వీడన్ నుంచి వచ్చిన యాకబ్సన్ గారిది మూడో బాణీ. ఎవరి శిష్యులు వారివే గొప్పంటారు. చివరికి ముగ్గురూ రేషనల్ అనే ఒకే కంపెనీ గూటికి చేరి, రాజీపడి, యు.ఎం.ఎల్. అనే ఉమ్మడి భాష తయారుచేశారు. 1997లో ఓ.ఎం.జి. అనే సంఘం దానికి ముద్ర వేసింది. బొమ్మను ఒక పనిముట్టులోంచి ఇంకోదానిలోకి మోసుకుపోవడానికి ఎక్స్.ఎం.ఐ. అనే లిపి కూడా ఏర్పడింది.

హమ్మయ్య అనుకున్నారంతా. కాని శ్రీకాకుళంవారిదీ తెలుగే, చిత్తూరువారిదీ తెలుగే, యాస మాటేమిటి? ఒకరు రాసిన ఎక్స్.ఎం.ఐ. మరొకరి పనిముట్టుకి సగమే అర్థమయ్యేది. పైగా మొదటి రోజుల్లో ఆ లిపిలో పెట్టెల పేర్లు వచ్చేవి గాని, ఏ పెట్టె ఎక్కడ ఉందో వచ్చేది కాదు. సామానంతా కొత్తింటికి చేరింది, నట్టింట కుప్పపోసి ఉంది!

అంతలో ఇళ్ళే చేతులు మారాయి. 2003లో రేషనల్‌ని ఐ.బి.ఎం. 210 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. అదే ఏడు టుగెదర్ అనే పేరుపడ్డ పనిముట్టు చేసిన కంపెనీ బోర్లాండు చేతికి పోయింది. వాటిని నమ్ముకున్నవాళ్ళకి పనిముట్టు అదే, యజమాని మాత్రం వేరు.

మనవాళ్ళేమీ వెనకబడలేదు. టాటా కన్సల్టెన్సీవారు 1981లో పూనాలో పరిశోధన కేంద్రం పెట్టారు. అక్కడి కృషిలోంచి బొమ్మ నుంచి ప్రోగ్రాము పుట్టించే మాస్టర్‌క్రాఫ్ట్ అనే సొంత పనిముట్లు వచ్చాయి. పనిముట్టూ జనరేటరూ రెండూ ఇంట్లోవే అయితే ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కరలేదు. అయితే అందరికీ అంత స్తోమత ఉండదు కదా! విశాఖలోనో హైదరాబాదులోనో పదిమందితో నడిచే చిన్న కంపెనీ బయటి సంబంధమే చూసుకోవాలి.

మరి చూపుల్లో ఏమడగాలి? మొదటి ప్రశ్న: నువ్వు గీతను గీతగా చూస్తావా, సంబంధంగా చూస్తావా? ఉత్త బొమ్మల పనిముట్టుకి అది నల్లగీత మాత్రమే. అన్నదమ్ముల వాటా అని దానికి తెలియకపోతే జనరేటరు ఏం చదువుతుంది?

రెండు: బొమ్మను ఎక్కడ దాస్తావు? నీ తాళంచెవి లేకుండా మా జనరేటరు చదవగలదా? మామూలు అక్షరాల్లో దాచేదైతే ఇద్దరు ఒకేసారి దిద్దినా పోల్చి కలుపుకోవచ్చు.

మూడు: జనరేటరు వాడే మూసలు మా చేతిలో ఉంటాయా? మాకు కావలసినట్టు మార్చుకోవచ్చా?

నాలుగోది అన్నింటికన్నా ముఖ్యం. జనరేటరు రాసినదానికి మనం చేత్తో కొన్ని ముక్కలు చేరుస్తాం. బొమ్మ మార్చి మళ్ళీ రాయిస్తే అవి ఉంటాయా, ఊడ్చుకుపోతాయా? ఊడ్చుకుపోతే రెండోసారి ఎవరూ బొమ్మ జోలికి పోరు. ప్రోగ్రామునే దిద్దుకుంటూ పోతారు. ఎఫ్.ఎం.బి. పటంలో గట్టు ఒకచోట, పొలంలో గట్టు ఇంకోచోట ఉంటే ఏమవుతుందో రైతుకి చెప్పనక్కరలేదు. చేత్తో రాసింది వేరే ఫైల్లో ఉంచి, జనరేటరు రాసినదాన్ని ముట్టుకోకుండా నడిపించగలిగితే ఆ సంబంధం నిలుస్తుంది.

ఈ జవాబులు అమ్మేవాడి నోట వినకూడదు. మన అరెకరం అమ్మకం లాంటి చిన్న పని ఒకటి తీసుకుని బొమ్మ గీయాలి, ప్రోగ్రాము రాయించాలి, చేత్తో నాలుగు వరసలు కలపాలి, బొమ్మ మార్చాలి, మళ్ళీ రాయించాలి. ఆఖరున ఆ బొమ్మను ఇంకో పనిముట్టులోకి తీసుకుపోయి చూడాలి. వారం రోజుల పని. వారానికి బద్ధకిస్తే పదేళ్ళ తరవాత ఆ ప్రోగ్రాము ఎవరి చేతికొస్తుందో, ఆ కుర్రవాడు ఏళ్ళ తరబడి అనుభవిస్తాడు. అప్పటికి బొమ్మ గీసినవాళ్ళు ఉండరు, బొమ్మ తెరుచుకోదు, లక్ష వరసల ప్రోగ్రాము మాత్రం ఎదురుగా ఉంటుంది.

ఇప్పుడు బొమ్మ కూడా వద్దు, నోటితో చెబితే చాలు, ప్రోగ్రాము రాసిపెడతానంటూ కృత్రిమ మేధ వచ్చింది. రాస్తోంది కూడా. కాని ఏం చెప్పామో, ఎందుకు చెప్పామో ఎక్కడో రాసిపెట్టుకోకపోతే మళ్ళీ ఆటోఫ్లో కథే. అందుకని పెళ్ళికొడుకు కొత్తవాడైనా, అడగవలసిన ప్రశ్నలు మాత్రం పాతవే. మొహమాటపడకుండా అడగండి.