లైటు స్తంభం ఎవరు పెట్టారు?

గేమంటే తుపాకులతో కాల్చుకోవడమో, కార్లు గుద్దుకోవడమో అనుకునేవాళ్ళు మన ఆఫీసుల్లో ఇంకా బోలెడంతమంది. వాళ్ళకోసం ఈ చిన్న చరిత్ర. దీనికీ మా గన్నవరం వైపు ఊళ్ళకీ సంబంధం ఉంది, కాస్త ఓపిక పట్టండి.

2011లో డేవీ రెడెన్ అనే అమెరికన్ కుర్రాడు 'ది స్టాన్లీ పారబుల్' అని ఒక మాడ్ చేశాడు. 2013లో అదే పూర్తిస్థాయి గేముగా వచ్చి పెద్ద హిట్టయింది. సంబరపడాలి కదా? అబ్బే! అవార్డులూ పొగడ్తలూ వచ్చేకొద్దీ దిగులు పట్టుకుందని 2014లో తనే రాసుకున్నాడు.

2015లో 'ది బిగినర్స్ గైడ్' తెచ్చాడు. గంటన్నరలో అయిపోతుంది. శత్రువుల్లేరు, స్కోరు లేదు. కోడా అనే స్నేహితుడు 2008-2011 మధ్య చేసిన బుల్లి గేముల్ని ఒక్కొక్కటే మనకి చూపిస్తూ, ఇక్కడ కోడా మనసులో ఉన్నది ఇదీ అని డేవీ విడమరిచి చెబుతుంటాడు. (ఆడదామనుకునేవాళ్ళు ఈ పేరాలో మిగతాది వదిలెయ్యండి.) తీరా చూస్తే, గేముల చివర కనబడే లైటు స్తంభాలు కోడా పెట్టినవి కావు! వాటికొక గమ్యం ఉన్నట్టు కనబడాలని డేవీయే పెట్టాడు. నా గేముల్ని మార్చకు, నలుగురికీ చూపించకు అని కోడా గోడల మీద రాసిపెడతాడు.

సృజన గురించిన గేములు ఇంకా ఉన్నాయి. 2014లో వచ్చిన 'ఎలిజీ ఫర్ ఎ డెడ్ వరల్డ్'లో మనుషుల్లేని లోకాల్లో తిరుగుతాం. సగం వాక్యం గేమిస్తుంది, మిగతాది మనం పూర్తి చెయ్యాలి. ఇది వినగానే సమస్యాపూరణం గుర్తు రాలేదూ?

నిజానికి సృజనని ఆటగా ఆడడం మనకి కొత్త కాదు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు. నిషిద్ధాక్షరి ఇచ్చేవాడు అక్షరం అక్షరానికీ అడ్డం పడతాడు. అప్రస్తుత ప్రసంగం చేసేవాడు మధ్యమధ్య పనికిరాని ప్రశ్నలేస్తాడు (మన స్టేటస్ కాల్ అన్నమాట!). ఇవన్నీ అయ్యాక పద్యాలన్నీ ధారణ చెయ్యాలి.

ఈ ఆటని సంస్థానాల్లో ఊపేసింది దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి. పద్యం ఎవరు చెప్పినా ఇద్దరి పేరే పెట్టుకున్నారు. 1920లో తిరుపతిశాస్త్రి పోయారు. వేంకటశాస్త్రి 1950 దాకా ఉన్నారు. ఆ ముప్ఫై ఏళ్ళలో తానొక్కరే రాసినవాటిని కూడా తిరుపతి వేంకట కవుల పేరుతో వేశారు.

ఈయన బందరు హైస్కూల్లో తెలుగు చెప్పారు. శిష్యుల్లో పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు కూడా జంటకవులే. ఇంకో శిష్యుడు విశ్వనాథ సత్యనారాయణ పుట్టిన నందమూరు మా గన్నవరం పక్కన ఉంగుటూరు మండలంలోదే.

ఇప్పుడు రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. డేవీ ఇంకొకడి పనిలో తన స్తంభం పాతాడు. వేంకటశాస్త్రి తన పని మీద, లేని మిత్రుడి పేరు నిలబెట్టారు. రెండిట్లోనూ ఎవరు ఏది చేశారన్నది చెరిగిపోయింది. కానీ ఒకటి ద్రోహం, ఒకటి స్నేహం. తేడా అల్లా ముందుగా ఇద్దరూ ఒప్పుకున్నారా లేదా అన్నదే.

మనం రోజూ రాసే కోడ్ సంగతీ అంతే. ఉత్పత్తి మీద మన పేరుండదు, ఉండదని తెలిసే చేరాం. దానికి బాధ లేదు. ఒకడు రాత్రుళ్ళు కూర్చుని చేసింది, వాణ్ణి అడక్కుండా ఇంకొకడి స్లైడ్లలో కనబడినప్పుడే కడుపు మండుతుంది. గిట్‌లో పేరు చూసుకోవచ్చు, నిజమే. ఆ స్లైడ్లు చూసేవాళ్ళలో గిట్ తెరిచేదెవరు?

కేసరపల్లి మేధా టవర్స్‌లో పనిచేసే కుర్రాళ్ళెవరైనా ఈ జంట మీద గంటన్నర గేము చేస్తే బాగుణ్ణు. ఇద్దరు ఆటగాళ్ళు, సగంలో ఒకడు ఉండడు. రెండోవాడు ఒక్కడే పద్యాలు పూర్తిచేసి, ఏ పేరు పెట్టాలో తేల్చుకోవాలి. అలాంటిదొస్తే మొదటి కాపీ నేనే కొంటాను.